అల్పపీడనం అని రాయించాను

వస్తువులకు పేర్లు పెట్టడం, కొత్త మాటలు పుట్టించడం ఇప్పుడు చదువుకుని మరీ చేరే ఉద్యోగమైందట. మా వీధిలో ఒకమ్మాయి ఆ పనిలో చేరింది. "తాతగారూ, మీరూ ఇదే పని చేశారంట కదా. మాలాంటి వాళ్ల కోసం నాలుగు ముక్కలు రాసివ్వండి" అని అడిగింది. సరేనని కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, నా దగ్గర చెప్పడానికి సిద్ధాంతమంటూ ఏమీ లేదని. చేరిన రోజున ఎంత తికమకగా ఉందో, విరమించిన రోజునా అంతే ఉంది. బ్రహ్మాండంగా కుదిరిందనుకున్న మాట పుట్టిన వారానికే పోయింది. తప్పని కొట్టేసిన మాట ఇంటింటా బతికింది. ఇంకొక మాట, అన్ని విధాలా సరైన మాట, ఒక మనిషి ప్రాణం తీసిందో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి ఏ ఏడు ఏ మెట్టు ఎక్కానో, ఎవరు ఎక్కడికి బదిలీ చేశారో రాయను. కొన్ని మాటల సంగతి రాస్తాను. మొదటి రెండూ చదివి నవ్వుకోవచ్చు.

మాటలు పండించే పని

మాది నాయుడుపేట దగ్గర వరి పండించే ఊరు. విద్వాన్ పరీక్ష ప్యాసై, బడిలో తెలుగు అయ్యవారి ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరుగుతుంటే, నెల్లూరులో సముద్రపు చేపల పనులు చూసే ఒక సర్కారు ఆఫీసులో అనువాదకుడిగా తీసుకున్నారు. యాభైల చివరి మాట ఇది. ఒడ్డు పల్లెలకు ఇంజను పడవలు, నైలాను వలలు, ఐసు గదులు తెచ్చిపెట్టాలని ప్రభుత్వం పట్టుదలగా ఉన్న కాలం. వాటి గురించిన కాగితాలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. నేను వాటిని తెలుగు కరపత్రాలుగా, బోర్డులుగా మార్చాలి. తెలుగులో మాట లేకపోతే పుట్టించాలి.

మా నాయనకు ఇది ఎంత చెప్పినా మింగుడు పడలేదు. "వొడ్లు పండిస్తారు, చెరుకు పండిస్తారు. మాటలు గూడా పండిస్తారంట్రా? ఉండే మాటలు చాల్లేదా మీ సర్కారుకి?" అన్నాడు. అప్పుడు ఆయన అమాయకత్వానికి నవ్వుకున్నాను. తర్వాత చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబు వెతికాను.

ఆఫీసులో నా పై అధికారి సూపరింటెండెంటు గారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలుండేది. నేను రాసిన ప్రతి మాటా ఆ పెన్సిలు కిందికి వెళ్లాల్సిందే. వాడుక మాట కనిపిస్తే గీత పడేది. "ఇది వంటింటి మాటయ్యా. సర్కారు కాగితం మీద ఉండదగినదేనా?" అనేవారు. ఆయన్ని చూసి మేమంతా వెనక నవ్వుకునేవాళ్లం. ఆయన కడుపులో ఉన్నదేమిటో నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆయన చదివిన బళ్లో తెలుగులో మాట్లాడితే బెంచీ ఎక్కించేవారట. తెలుగు కూడా కుర్చీలో కూర్చోగల భాషేనని చూపించాలని ఆయన పంతం. ఆ పంతాన్ని తప్పు పట్టడం నా వల్ల కాలేదు. ఆ పంతంతో పుట్టిన మాటలను పలకడం ఎవరి వల్లా కాలేదు.

రెండో మనిషి మస్తాన్ అన్న. ట్రంకు రోడ్డులో బోర్డులు రాసేవాడు. మా ఆఫీసు బోర్డులన్నీ ఆయనే రాయాలి. పలక మీద సుద్ద దారం కొట్టి, ఒక్కొక్క అక్షరానికి వేళ్లతో చోటు కొలిచేవాడు. తెలుగు పండితులెవరూ చేయని పరీక్ష ఆయన చేసేవాడు. మాట చోటుకు పడుతుందా లేదా అని.

పట్టు వల

నైలాను వలకు నేను మొదట పెట్టిన పేరు "కృత్రిమ తంతుజాలం". ఎర్ర పెన్సిలు దాని జోలికి రాలేదు. నాకు ఆ పూట నేల మీద కాళ్లు ఆనలేదు. కాగితం తీసుకుని మస్తాన్ అన్న కొట్టుకు పోయాను. ఆయన చదివి, పలక కొలిచి, మళ్లీ చదివాడు.

"పంతులు గారూ, నా పలక మూడడుగులు. మీ మాట అయిదడుగులుండాది. రెండడుగులు యాడ పెట్టమంటారు?"

"అక్షరాలు చిన్నవి చెయ్యి అన్నా."

"చిన్నగా రాస్తే దగ్గరికొచ్చి చదవాల. దగ్గరికొచ్చి చదివేదానికి అదేమన్నా సినిమా పోస్టరా?"

ఎలాగో రెండు వరుసల్లో రాయించి, జువ్వలదిన్నె అనే ఒడ్డు పల్లెలో కొత్త వలలు చూపించే రోజున కట్టించాను. వలలు చూడ్డానికి ఆడవాళ్లు కూడా వచ్చారు. ఒకామె వలను చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య జారవిడిచి, "పట్టు మాదిరి ఉండాది గదే" అంది. అంతే. సాయంత్రానికి ఆ ఊళ్లో అది పట్టు వల. చేపను పట్టేది కూడా పట్టే కదా, రెండు విధాలా కుదిరింది. నేను పదిహేను రోజులు నిఘంటువులు తిరగేసి చేసిన పనిని ఆమె వల వదిలేలోపు చేసేసింది.

ఆఫీసుకొచ్చి ఆ మాటే పెడదామన్నాను. సూపరింటెండెంటు గారు పెన్సిలు కూడా తీయలేదు. "ఇది పట్టుపురుగు నుంచి వచ్చిందా?" అని అడిగారు. లేదన్నాను. "మరి అబద్ధం కదా?" అన్నారు. అబద్ధమే. వల నీళ్లలో నానితే కుళ్లదని కదా మేం చెప్పాల్సింది. పట్టు అంటే, నానితే పాడవుతుందని జాగ్రత్త పడి, కొందరు దాన్ని ఉప్పు నీళ్లలో దించడానికే జంకారు. ఆ సంగతీ నేను కళ్లారా చూశాను. నిజం చెప్పే పేరు నోటికెక్కదు, నోటికెక్కిన పేరు నిజం చెప్పదు. ఇందులో ఏది ఎంచుకోవాలో నన్నడగొద్దు. నేను తంతుజాలాన్ని మాత్రం మళ్లీ ఎక్కడా రాయలేదు.

వెన్నెల తైలం

సొరచేప కార్జం నుంచి తీసే నూనె పిల్లల కళ్లకు, ఎముకలకు మంచిది. మా ఆఫీసు దాన్ని సీసాల్లో పోసి ఊళ్లలో ఇవ్వాలనుకుంది. సూపరింటెండెంటు గారు "మత్స్య యకృత్తైలం" అన్నారు. మస్తాన్ అన్న ఆ కాగితం చూసి, "నోరే తిరగడంలా సార్, ఇంక కుంచె యాడ తిరుగుతాది?" అన్నాడు.

ఈసారి నేను తెలివి చూపించాను. చేప అంటే ముక్కు మూసుకునే ఇళ్లున్నాయి, వాళ్ల పిల్లలకూ నూనె అందాలి, కాబట్టి పేరులో చేప కనిపించకూడదని వాదించాను. పిల్లల ముఖం వెన్నెల్లా ఉండాలని "వెన్నెల తైలం" అన్నాను. తైలం ఉంది కాబట్టి సూపరింటెండెంటు గారు ఒప్పుకున్నారు. మస్తాన్ అన్న సీసా చీటీకి చందమామ బొమ్మ వేశాడు. అందంగా ఉంది. నిజంగా చాలా అందంగా ఉంది.

నెల తిరక్కుండానే నెల్లూరులో పేరున్న ఒక వకీలు గారు సీసా పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కారు. వాళ్లింట్లో ఉల్లిపాయ కూడా తినరు. వాళ్లావిడ ఆ తైలాన్ని కూతురి పొడుగాటి జడకు కుదుళ్ల దాకా పట్టించిందట. మూడుసార్లు సీకాయతో రుద్దినా వాసన పోలేదట. "మా వీధి పిల్లులన్నీ మా గుమ్మం ముందరే ఉండాయి. మీ ఆఫీసులో ఎవరయ్యా ఈ పేరు పెట్టిన మహానుభావుడు?" అన్నారు. సూపరింటెండెంటు గారు పెన్సిలుతో నన్ను చూపించారు.

తప్పు ఆమెది కాదు. వెన్నెల అని, తైలం అని, పైన చందమామను కూడా వేస్తే ఏ ఆడమనిషి చెయ్యి అయినా జడ వైపే పోతుంది. పేరు పెట్టేటప్పుడు దాన్ని విన్న మనిషి చెయ్యి ఎటు పోతుందో చూసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. పేరు తీసేసి "సొర నూనె" అని రాయించాం. అప్పుడు ఆస్పత్రి డాక్టరు గారు నన్ను పట్టుకుని చివాట్లు పెట్టారు. వెన్నెల తైలమని చెప్పి ఆయన ఎంతోమంది పిల్లల చేత గుటుక్కున తాగిస్తున్నారట. సొర అని కనబడ్డాక ఆ ఇళ్లు తలుపులు మూశాయట. "నీకు పేరు మార్చమని ఎవరు చెప్పారయ్యా?" అన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరి కోపమూ న్యాయమే. నేను ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఒడ్డు మీద బోర్డు

ఇక నవ్వులాట అయిపోయింది.

సముద్రంలో గాలి పుట్టే సూచన ఉంటే మా ఆఫీసుకు తంతి, అంటే టెలిగ్రాం, వచ్చేది. ఆ కబురు పల్లెలకు చేర్చడానికి ఒక ఏర్పాటు చేశాం. ఒడ్డున సామాన్లు దాచే మా ఆఫీసు షెడ్డు ఉన్న ప్రతి పల్లెలో ఒక స్తంభం, దానికో కొక్కెం. తంతి రాగానే మేం కబురు పంపితే, దగ్గరి పోస్టాఫీసు నుంచి మనిషి సైకిలు మీద పోయి చెబితే, షెడ్డు కాపలాదారు లోపలున్న పలక తెచ్చి కొక్కేనికి తగిలిస్తాడు. పలక మీద ఏం రాయాలన్నది నా పని.

తంతిలో ఉండేదాన్ని మాటకు మాటగా చెబితే, గాలి ఒత్తిడి తక్కువైన చోటు. నేను "గాలి గుండం" అని ఒకటి, ఇంకా ఏవేవో నాలుగైదు రాసి తీసుకెళ్లాను. పెన్సిలు అన్నిటి మీదా నడిచింది. అప్పుడు "అల్పపీడనం" అన్నాను. ఆ మాట నేను పుట్టించానని గొప్ప చెప్పుకోను. అప్పటికే ఎవరో పాఠ్యపుస్తకంలో వాడారు. దాన్ని ఒడ్డు మీదికి తెచ్చింది మాత్రం నేనే. అల్పం అంటే తక్కువ, పీడనం అంటే ఒత్తిడి. అక్షరం అటూ ఇటూ పోలేదు. సూపరింటెండెంటు గారు రెండుసార్లు పైకి చదువుకుని పెన్సిలు కింద పెట్టేశారు. మస్తాన్ అన్న సుద్ద దారం కొట్టి, "అయిదే అక్షరాలు. ఇన్నేళ్లకు పలకకు పట్టే మాట చెప్పినారు సార్" అన్నాడు. పండితుడు, పెయింటరు ఇద్దరూ ఒప్పుకున్న ఏకైక మాట అది. అది వినాల్సిన వాళ్లు మిగిలిపోయారని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ పల్లె వాళ్లకు గాలి కొత్త కాదు. వచ్చే దిక్కును బట్టి, పొద్దును బట్టి గాలికి వాళ్ల దగ్గర ఎన్నో పేర్లున్నాయి. ఒక పూట కూర్చుని అడిగి ఉంటే చెప్పేవాళ్లు. అడగలేదు. మాటలు పుట్టించడం మా పని, అడుక్కోవడం కాదనుకున్నాం.

జువ్వలదిన్నెకు దక్షిణంగా ఒక పాళెం ఉంది. పేరు రాయను. కాలవ దాటి ఇసుకలో నడిచి పోవాలి. కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున అక్కడ పలక తగిలించారు. ఆకాశం శుభ్రంగా ఉంది. చేప బాగా పడుతున్న వారం. పోలయ్య అనే అతను ఇంకిద్దరితో కలిసి తెప్ప తోస్తూ, పలక చూసి ఆగాడు. అతనికి చదువు రాదు. పక్కనే అతని భార్య ఆదెమ్మ ఉంది. ఆమె బిట్రగుంటలో చేపలమ్మే మనిషి. అంతకు ముందే పెద్దవాళ్లకు చదువు నేర్పే బళ్లో నాలుగు నెలలు చదివి, అంగళ్ల మీది పేర్లన్నీ పైకి చదువుతూ పోతుందని ఊళ్లో పేరు. పోలయ్యకు అది చెప్పలేనంత గర్వం. "ఏందిమే రాసుండాది?" అని ఆమెను అడిగాడు.

ఆమె చదివింది. చెప్పింది. తెప్ప సముద్రంలోకి పోయింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. మిగతా ఇద్దరూ తెప్ప దుంగలు పట్టుకుని మర్నాడు చాలా దూరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చారు. పోలయ్య రాలేదు.

విచారణ

నాలుగో రోజున సూపరింటెండెంటు గారితో కలిసి నేనూ వెళ్లాను. పల్లె పెద్దను అక్కడ కాపు అంటారు. ఆయన మమ్మల్ని షెడ్డులో కూర్చోబెట్టాడు.

"ఏం జెప్పేది సార్. ఆకాశం కడిగినట్టుండె. బోర్డు ఉన్నా లేకున్నా పొయ్యుండేవాళ్లే" అన్నాడు కాపు.

బతికొచ్చిన ఇద్దరిలో ఒకతను ఒప్పుకోలేదు. "లేదు సార్. పోలయ్య ఆగినాడు. ఆదెమ్మ చెప్పినాకే తెప్ప తోసినాం" అన్నాడు.

ఆదెమ్మను పిలిపించారు. ఏం చదివావని అడిగితే అక్షరం పొల్లుపోకుండా "అల్పపీడనం" అంది. ఏం చెప్పావని అడిగారు.

"అల్పం అంటే కొంచెం అని మా బడి పుస్తకంలో ఉండాది సార్. పీడ అంటే నాకు తెలవదా? చిన్న పీడేనంట, పెద్దదేం కాదంట అని చెప్పినా."

"మరి చివర 'నం' ఉంది కదమ్మా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"అది మీ సర్కారు మాటలన్నిట్లో ఉంటాది కద సార్. విధానం, ప్రదర్శనం అని. దానికి అర్థముండదనుకున్నా."

ఆమె చెప్పింది తెలుగు. పీడ విరగడైంది అంటాం, పీడకల అంటాం, పీడించకురా అంటాం. పుట్టి బుద్ధెరిగిన ప్రతి తెలుగు మనిషికీ పీడ అంటే అదే. ఒత్తిడి అని నాకూ, పెద్దాయనకూ, ఆ పాఠ్యపుస్తకానికీ తప్ప ఎవరికి తెలుసు?

నేను కుదిర్చిన ఇంకొక మాట

పైకి నివేదిక పంపాలి. సూపరింటెండెంటు గారు ఇంగ్లీషులో రాశారు. హెచ్చరిక సకాలంలో పెట్టారు, మాట సరైనదే, అరకొరగా చదువొచ్చిన ఒక ఆడమనిషి దాన్ని తప్పుగా చెప్పడం వల్ల ప్రమాదం జరిగింది అని. ఆయన అబద్ధం రాద్దామనుకున్నారని నేను అనుకోను. అధికారిక మాట తప్పు అని రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. దాన్ని తెలుగు చేసి పల్లెలో అతికించడానికి ఒక ప్రతి ఇవ్వమని నాకిచ్చారు.

అరకొర చదువు మనిషికి ఇంగ్లీషులో ఉన్నంత పొందికైన మాట మనకు లేదు. కొంచెంసేపు ఆలోచించాను. "అర్ధాక్షరాస్యురాలు" అని రాశాను. సంధి కుదిరింది, లింగం కుదిరింది. మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను. పెద్దాయన చూసి భేష్ అన్నారు.

ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గుతో తల వంగిపోతోంది. షెడ్డులో నిలబడి నా కళ్లెదుట మాట్లాడిన మనిషి గురించి రాస్తున్నానని ఆ కొంచెంసేపూ నాకు గుర్తే లేదు. ఖాళీగా ఉన్న చోటు కనబడింది, దానికి సరిపోయే మాట దొరికింది. మీరు ఈ పనిలో చేరితే మీకూ అలాంటి సంతోషం కలుగుతుంది. జాగ్రత్త అని చెప్పగలను గానీ, ఎలా జాగ్రత్త పడాలో చెప్పలేను.

రెండు నెలలకు మస్తాన్ అన్న ఆ పాళెంలో షెడ్డుకు రంగు వేసి వచ్చాడు.

"పంతులు గారూ, ఆ ఆదెమ్మ పేరు మారిపోయింది, తెలుసునా?" అన్నాడు. "అందరూ అర్ధాక్షరమ్మ అంటా ఉండారు. ఇదేం పేరబ్బా అని చూస్తే, మనాఫీసు కాగితంలో ఉండాది. మొగుణ్ణి మాటతో సముద్రంలోకి తోసినాదంట. నీళ్ల కాడికి పోతే పక్కకు జరుగుతా ఉండారు. ఆయమ్మ ఇప్పుడు చదవను గూడా చదవదంట. బిట్రగుంటలో ఏ బస్సు ఏ ఊరికో పక్కనోళ్లని అడుగుతా ఉండాది. ఎవరు పెట్టినారో గానీ ఆ పేరు…"

"నేనే అన్నా" అన్నాను.

ఆయన కుంచె కిరసనాయిలులో ముంచి చాలాసేపు కడిగాడు. "బాగా కుదిరింది" అన్నాడు చివరికి. మెచ్చుకున్నాడో తిట్టాడో నాకు తెలియలేదు.

పాళెంలో

ఒక్కణ్ణే వెళ్లాను. ఆఫీసులో చెప్పలేదు. కాపు ఇంటి ముందు పది పదిహేను మందిని పిలిపించమన్నాను. ఆదెమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఆమె తప్పు చదవలేదు. తప్పు అర్థమూ చెప్పలేదు. తెలుగొచ్చిన వాళ్లెవరైనా అదే చెబుతారు. ఆ మాట బోర్డు మీద రాయించింది నేను. కాగితంలో ఆమెకు ఆ పేరు పెట్టిందీ నేనే" అన్నాను.

"అయితే సర్కారుది తప్పంటారా?" అన్నాడు కాపు.

"నాది అంటున్నాను."

ఒక ముసలాయన, "ఆయమ్మది తప్పు కాదు, మీరు చూస్తే మంచోళ్ల మాదిరుండారు. మరి పోలయ్యను ఎవురు పంపినట్టు సామీ?" అని నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

అందరూ పోయాక ఆదెమ్మ దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "అసలు పీడనం అంటే ఏంది సార్?" అని అడిగింది.

చెప్పాను. గాలికి బరువుంటుంది. ఒకచోట ఆ ఒత్తిడి తక్కువైతే నాలుగు పక్కల నుంచీ గాలి అక్కడికి పరుగెత్తుతుంది.

"తక్కువైతే ఎక్కువొస్తాదా?"

"వస్తుందమ్మా."

"నాకు తెలవడంలా సార్. ఆ పొద్దు మా ఆయనకు ఇదంతా చెప్పాల్సుండెనా?"

"లేదమ్మా. నేనే వేరే మాట రాయాల్సింది. ఏం రాసి ఉంటే బాగుండేది?"

"పోవద్దు అని రాయండి" అంది. "ఆయన నన్ను అడిగింది పోవచ్చునా అని సార్. గాలి పేరేందని అడగలా."

మూడు పలకలు

మర్నాడు సూపరింటెండెంటు గారికి అంతా చెప్పాను. పాళెం వెళ్లినందుకు మందలించారు. తర్వాత, "అది క్రియ కదయ్యా. హెచ్చరిక అంటే నామవాచకం ఉండాలి. పైగా పోవద్దు అనడానికి మనమెవరం? గాలి రాకపోతే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు. ఆ చివరి ప్రశ్న సరైనదే. కిటికీ వైపు తిరిగి, "ఆ పలకలు రంగు వెలిశాయన్నావు కదూ. మళ్లీ రాయించు" అన్నారు. నేను వెలిశాయని ఎప్పుడూ అనలేదు. ఆ నివేదికను పల్లెలోంచి తీసేయమని కూడా ఆయనే చెప్పారు.

ఇంతటితో అంతా చక్కబడిందని రాస్తే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. మరుసటి ఏడు "పోవద్దు" అని మొదటిసారి తగిలించిన రోజున సముద్రం చెరువులా ఉంది. మొదటిసారి కాబట్టి అందరూ ఆగారు. రెండోసారీ గాలి ఎటో వెళ్లిపోయింది, సగం మంది ఆగారు. చేప పోయిందని మిగతా సగం ఎగతాళి చేశారు. అల్పపీడనం అన్నప్పుడు గాలి వచ్చింది, పోవద్దు అన్నప్పుడు రాలేదు. మాటదా, గాలిదా, నాదా, ఎవరి తప్పో ఆలోచించి ఆలోచించి నాకు తల తిరిగిపోయింది.

మూడోసారి పలక తగిలించిన పొద్దున నేను కరపత్రాలు పంచడానికి ఆ పాళెంలోనే ఉన్నాను. ఆకాశం మళ్లీ శుభ్రంగానే ఉంది. పలక వైపు చూసేవాడు కూడా లేడు. అయిదారు తెప్పలు నీళ్ల అంచుకు తోసేశారు. నేను పోయి రెండు చేతులూ అడ్డం పెట్టాను. "జరగండి సార్, మీ మాటలు మాకు తెలుసు గదా" అని నవ్వారు.

ఆదెమ్మ కొంచెం ఎగువన ఇసుకలో ఎండుచేపలు ఆరేస్తోంది. చేతులు దులుపుకుని లేచింది. నెమ్మదిగా నడిచొచ్చి స్తంభం కింద నిలబడింది. అన్ని నెలలుగా ఏ అక్షరం జోలికీ పోని మనిషి. వేలు పైకెత్తి, బళ్లో నేర్పినట్టు ఒక్కొక్క అక్షరం కిందా పెట్టి, అందరికీ వినబడేలా చదివింది.

"పో. వ. ద్దు."

ఇంకొకసారి చదివింది.

తెప్ప మీద చెయ్యి వేసిన వాళ్లు అలాగే నిలబడిపోయారు. కాపు చేతిలోని గడ ఇసుకలో గుచ్చాడు. ఒక్కొక్కరూ వచ్చి తెప్పలను వెనక్కి లాగారు, పైదాకా, అల తగలని చోటి దాకా.

ఆ రోజు గాలి రాలేదు. చినుకు కూడా పడలేదు. పొద్దుగూకే దాకా ఎండ కాస్తూనే ఉంది, చేపలు నీళ్లలో ఎగురుతూనే ఉన్నాయి, మగవాళ్లంతా ఒడ్డున చేతులు కట్టుకుని కూర్చుని చూశారు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు.